పానీ

నా వేళ్లకు పత్తి తెలుసు.
ఎనుమాముల మార్కెట్ల పందొమ్మిదేండ్ల గుమాస్తాగిరి.
బస్తాల చెయ్యి పెట్టి పిడికెడు గుంజి
రెండు బొటనవేళ్ల నడుమ పింజ తెంపి
ముక్కు కాడ పెట్టుకుని
"తేమ" అన్ననంటే తేమ.
మీటరు ఎనుకనుంచి వచ్చి
నాకు సాక్ష్యం చెప్తది.

ముత్యాలు తెల్వయి.

చిట్టీ ఎత్తిన పైసలు
స్టీలు టిఫిను డబ్బాల పెట్టుకుని
సరోజన నన్ను మట్టెవాడకు తోలుకపోయింది,
జహూర్ సాబ్ దుకాణానికి.
"బేరం కాడనే నోరు తెరువు,
అప్పటిదాక ఊకో" అని తొవ్వలనే చెప్పింది.

అద్దాల బల్ల మీద మూడు దండలు.
ట్యూబులైటు కింద మూడూ ఒక్క తల్లి పిల్లలే.
ముసలాయన మూడింటినీ ఎత్తి
గడప అవతల ఆటోల పొగల, ఎండల
తెల్ల దస్తీ మీద పరిచిండు.
"దుకాణం దీపం దుకాణం దిక్కే మాట్లాడ్తది బేటీ.
పొద్దుకు కమీషన్ లేదు."

అప్పుడు ఒకటి సున్నపు గోడైంది.
ఒకటి కొత్తగ రంగేసిన గేటు.
మూడోదాన్ల మెరుపు పైన లేదు,
లోపలెక్కడో ఎవరో
కందిలి వత్తి తగ్గించి పెట్టి మర్సిపోయినట్టున్నది.

"దీన్నే పానీ అంటరు" అన్నడు.
నాకు నవ్వొచ్చింది.
మా కాడ నీళ్లుంటే రేటు కోస్తం,
వీళ్ల కాడ నీళ్లుంటే రేటు పెడ్తరు.

"పంటికి రాకి చూడు."
సరోజన అటిటు చూసి, కొంగు అడ్డం పెట్టుకుని
రంగేసిన గేటును ముందు కొరికింది.
జారింది, సబ్బు లెక్క.
మూడోది కొరికి ఆగింది.
"ఇసుక తగుల్తుందయ్యా."
అన్నంల తగిలితే ఇంటిల్లిపాదిని తిట్టే ఇసుకకు
ఆ ఒక్క దినం ఆమె మొహం ఇంత అయింది.

బెజ్జాలు భూతద్దంల చూపించిండు,
నకిలీదానికి అంచుల కాడ పొర లేస్తదట.
ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి లెక్కపెట్టమన్నడు,
తెగిన నాడు ఒక్కటే పోవాలె గాని
ఇల్లంత దొర్లొద్దట.

ఇగ నా వంతు.
నాకొచ్చిన విద్య ఒక్కటే.
"ఇది జర వంకర. దీనికి మచ్చ.
ఈ రెండు పసుపు దిక్కు పోతున్నయి."
జహూర్ సాబ్ నన్ను చూసిండు,
దండను చూసినట్టే, తొందర లేకుంట.
"మీరేం కొంటరు?"
"పత్తి."
"అదే అనుకున్న.
మచ్చ లేనిది కావాల్నంటే ఆ గేటు ఉన్నది, మూడు వందలు."

ఏందో, అక్కడ నిలబడంగనే
రేగొండ నుంచి వచ్చిన మొగిలమ్మ యాదికొచ్చింది.
పోయిన కార్తీకంల ఎనిమిది క్వింటాళ్లు.
మణికట్టు దాక చెయ్యి పెట్టి "తేమ, కౌడి" అన్న.
నాలుగు వందలు కోసిన.
"మంచు మీదనే పడ్డది బిడ్డా,
అడుగు దాక పెట్టి చూడు" అన్నది.
ఎనుక ముప్పై బస్తాలున్నయి. చూడలే.
తక్‌పట్టీ మడిచి రవికెల పెట్టుకుని
నీళ్ల బాటిల్ కోసం చుట్టూ వెతుకుతుంటే
నేను పక్క కుప్ప కాడికి పోయిన.

"బేరం చెయ్యవేంది?" అని సరోజన మోచేత్తో పొడిచింది.
నోరు రాలే.
ఆమెనే చేసింది. ఐదు వందలు తగ్గించింది.
ఉత్త డబ్బా ఊపుకుంట వచ్చింది.

రాత్రి మెడల నుంచి తీసి నా చేతుల పెట్టింది,
"పట్టు, ఇంకా ఎచ్చగున్నయి."
దుకాణంల మంచుగడ్డ లెక్క ఉన్నయి ఇవ్వే.
వంకరది వేలికి తెలుస్తున్నది.
దాన్ల గోరంత నా మొహం,
మొహం కంటె పెద్దగ నా చెయ్యి.

తెల్లారి మార్కెట్ల మొదటి బస్తా.
పర్వతగిరి పిలగాడు, మీసం ఇంకా సరిగ రాలే,
నా నోటి దిక్కే చూస్తున్నడు.
చెయ్యి పెట్టిన, మోచేయి దాటిచ్చిన,
అంగీ పొయ్యేదాక పెట్టిన.
పైన సల్లగ. అడుగున
ఎవరో ఇప్పుడే పండి లేచిన తావు లెక్క
ఎచ్చగ.

"ఎంత?" అన్నడు సేటు ఎనుకనుంచి.
"ఎంత?" అన్నడు మళ్ల.